నాలుగో జాము కల

1515 జూన్ 23న కొండవీడు కోట శ్రీకృష్ణదేవరాయల వశమైంది. గజపతి ప్రతాపరుద్రుడి కొడుకు వీరభద్రుడు అక్కడ బందీగా చిక్కాడు. అక్కణ్ణుంచి విజయనగర సేన కృష్ణ దాటి, బెజవాడకు వాయవ్యంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండపల్లి మీద పడింది. రెడ్డిరాజుల నాటి ఆ కొండకోట బహమనీ సుల్తానుల చేతుల్లోనూ గజపతుల చేతుల్లోనూ పలుమార్లు మారింది. అప్పుడు లోపల ఉన్నది ప్రహరేశ్వర పాత్రుడి నాయకత్వంలోని గజపతి సైన్యం. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ విజయనగరం గురించి రాసిన వృత్తాంతంలో ఈ ముట్టడి మూడు నెలలు సాగిందని చెప్పాడు. చివరికి కోట లొంగింది. 1516లో రాయలు సింహాచలం అప్పన్నకు నగలు సమర్పించినట్టు అక్కడి శాసనం చెబుతోంది.

ఇంత కష్టపడి గెలిచిన నేల రాయల దగ్గర ఎక్కువ కాలం నిలవలేదు. గజపతితో సంధి కుదిరినప్పుడు కృష్ణకు ఉత్తరాన గెలుచుకున్న భూమిని ఆయన తిరిగి ఇచ్చేశాడు. ఆ తర్వాత కొండపల్లి గోల్కొండ కుతుబ్‌షాహీల పాలైంది. ఆ దండయాత్ర తెలుగువాళ్లకు మిగిల్చిన పెద్ద ఆస్తి ఒక కల. కొండపల్లికి దిగువన, కృష్ణ ఒడ్డున, ఒక ఏకాదశి రాత్రి తెల్లవారుజామున రాయలకు వచ్చిన కల అది.

ఇవాళ ప్రపంచమంతటా ఎంతోమంది లూసిడ్ డ్రీమింగ్ అనే విద్యను సాధన చేస్తున్నారు. కల కంటూ ఉండగానే ఇది కల అని తెలుసుకోవడం, ఆ ఎరుక నిలుపుకొని కలలో మెలగడం ఆ విద్య. కొత్తగా నేర్చుకునేవాళ్లు ముందు రెండు పనులు అలవాటు చేసుకోవాలి. ఒకటి, వచ్చిన కలను జారిపోకుండా పట్టుకోవడం. రెండు, కలలో ఉన్నప్పుడే దాన్ని కలగా గుర్తుపట్టడం. ఈ రెండు పనులకూ కృష్ణాతీరంలో వెయ్యేళ్లకు మించిన చరిత్ర ఉంది. మొదటిది కవుల ఇళ్లలో పెరిగింది, రెండోది తత్త్వవేత్తల విహారాల్లో పెరిగింది.

శ్రీకాకుళంలో ఏకాదశి

తన కావ్యమైన ఆముక్తమాల్యద అవతారికలో రాయలు ఆ రాత్రి సంగతి తానే చెప్పుకున్నాడు. కళింగ దండయాత్రకు బయల్దేరి, విజయవాడలో కొన్నాళ్లు విడిది చేసి, ఆంధ్ర మహావిష్ణువును సేవించడానికి శ్రీకాకుళం వెళ్లాడు. ఇది ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు. కృష్ణాజిల్లా ఘంటసాల మండలంలో, నది ఒడ్డున ఉన్న పాత ఊరు. 18వ శతాబ్దంలో కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకం చెప్పింది ఈ స్వామి మీదే. రాయలు ఏకాదశి ఉపవాసం చేసి ఆ క్షేత్రంలో నిద్రించాడు. నాలుగో జామున స్వామి కనిపించాడు.

ఆ దర్శనాన్ని రాయలు వివరంగా వర్ణించాడు. మేని రంగు, కళ్లు, కట్టిన పట్టు, వక్షాన మెరిసే కౌస్తుభం, పక్కన పద్మం పట్టుకున్న లక్ష్మి, అన్నీ అందులో ఉన్నాయి. స్వామి మాటలు కూడా వరుస తప్పకుండా ఉన్నాయి. సంస్కృతంలో మదాలస చరిత్ర, సత్యావధూప్రీణనం, సకలకథాసారసంగ్రహం, జ్ఞానచింతామణి, రసమంజరి రాశావు కదా, తెలుగులో రాయడం నీకు అసాధ్యమా అని స్వామి అడిగాడు. శ్రీరంగంలో గోదాదేవితో తన పెళ్లి కథ చెప్పమన్నాడు. తన మరో రూపమైన వేంకటేశ్వరుడికి దాన్ని అంకితమివ్వమన్నాడు. తెలుగే ఎందుకో కూడా చెప్పాడు. దేశభాషలందు తెలుగు లెస్స అని భాషాభిమానులు ప్రతి సభలోనూ తలుచుకునే మాట అక్కడిదే.

కలల సాధన కోణంలో చూస్తే, అసలు విషయం రాయలు మేల్కొన్న తర్వాత మొదలవుతుంది. ఆయన ఉలిక్కిపడి లేచి ముందు గుడి గోపురానికి మొక్కాడు. నిత్యకృత్యాలు తీర్చుకున్నాడు. కొలువులో దండనాథులనూ సామంతులనూ త్వరగా పంపించేసి, వేదవేదాంగాలు తెలిసిన పండితులను కూర్చోబెట్టుకుని కల మొత్తం చెప్పాడు. వాళ్లు అందులో కనిపించిన వాటికి శుభఫలాలు చెప్పారు. ఆ తర్వాత కావ్యం మొదలైంది. కల రావడం, వెంటనే మేలుకోవడం, చెదరకముందే మనసులో కూర్చుకోవడం, తెలిసినవాళ్లకు నోటితో చెప్పడం, చివరికి రాతలో పెట్టడం. కలల డైరీ రాయమని ఇవాళ లూసిడ్ డ్రీమింగ్ పుస్తకాలు మొదటి అధ్యాయంలోనే చెప్పే క్రమం దాదాపు ఇదే. లేవగానే కదలకుండా పడుకుని కల తోకను పట్టుకోవాలి, వెనక్కి వెనక్కి వెళ్లి మొత్తం గుర్తు తెచ్చుకోవాలి, ఫోన్ ముట్టుకోకముందే రాసుకోవాలి అని అవి చెబుతాయి. గుర్తుండని కలలో ఎంత ఎరుక కలిగినా తెల్లారేసరికి దాని జాడ మిగలదు.

కృతి అడిగిన దేవుళ్లు

రాయలకు ముందే తెలుగు కవులకు ఈ దారి తెలుసు. 13వ శతాబ్దంలో నెల్లూరి తిక్కన విరాటపర్వంతో భారతం చేపట్టినప్పుడు, ముందుగా తండ్రి కొమ్మన కలలో కనిపించి హరిహరనాథుడి అనుగ్రహాన్ని తెలియజేశాడు. తర్వాత ఆ స్వామే ప్రత్యక్షమై కృతి అడిగాడు. 15వ శతాబ్దంలో పోతన అనుభవం ఇంకా సూక్ష్మమైనది. చంద్రగ్రహణం రోజున నదీస్నానం చేసి, ఇసుకతిన్నె మీద కూర్చుని, కళ్లు కొంచెమే తెరిచి శివధ్యానం చేస్తుండగా సీతతో కూడిన రామభద్రుడు కనిపించాడని ఆయన రాశాడు. పోతన నిద్రపోలేదు, పూర్తి మెలకువలోనూ లేడు. నిద్రకూ మెలకువకూ నడిమి గడపలో చిత్రాలు స్పష్టంగా కనిపిస్తాయని నిద్రశాస్త్రం ఒప్పుకుంటుంది. ఎరుక చెదరనీయకుండా ఆ గడప మీదుగా నేరుగా కలలోకి నడిచే పద్ధతిని నేటి సాధకులు అన్నిటికన్నా కష్టమైనదిగా చెబుతారు.

సాహిత్య పండితులు వీటిని కావ్యమర్యాదలో భాగంగా చూస్తారు. అంకితం తీసుకునేవాడు దేవుడైనప్పుడు ఆయన ఆజ్ఞ కలగా రావడం ఒక సంప్రదాయం. నిజమే. అయినా సంప్రదాయం కూడా ఒక పాఠమే. కలను చిల్లరగా పారేయకూడదని, వరుసగా చెప్పాలని, దాన్ని బట్టి ఒక పని పూర్తి చేయాలని ఆ అవతారికలు ఐదారు వందల ఏళ్లపాటు చదువరులకు నేర్పాయి.

పండితుల ఇళ్లకే ఇది పరిమితం కాలేదు. దివిసీమ దారిలో ఉన్న మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి స్థలపురాణం వీరారపు పర్వతాలు అనే కుమ్మరి చుట్టూ తిరుగుతుంది. స్వామి ఆయన కలలో కనిపించి పుట్టలో తాను లింగరూపంలో ఉన్నానని చెప్పాడట. పర్వతాలు లింగాన్ని వెలికి తీయించి, తన చేతులతో మట్టిబొమ్మలు చేసి స్వామికి సమర్పించాడట. రాయలు కలను కావ్యంగా మలిచిన చోటికి కొద్ది దూరంలోనే ఒక కుమ్మరి కలను మట్టిగా మలిచాడని జనం చెప్పుకుంటారు. దేవుడు కలలో వచ్చి ఫలానా చోట ఉన్నానని చెప్పడం ఊళ్ల కైఫీయతుల్లో, అంటే స్థానిక చరిత్రల్లో, తరచూ కనిపించే కథ. ఆ కైఫీయతులను సేకరింపజేసిన కాలిన్ మెకంజీకి కుడిభుజంగా నిలిచిన కావలి వెంకట బొర్రయ్య ఏలూరు మనిషి.

రాతిలో మాయాదేవి నిద్ర

మెకంజీయే 1797లో అమరావతి దిబ్బ దగ్గరికి వచ్చాడు. అక్కడ బయటపడ్డ స్తూపశిల్పాలు లోకానికి తెలియడం అప్పటినుంచే మొదలైంది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసిన పలకలు మద్రాసు మీదుగా లండన్ బ్రిటిష్ మ్యూజియం చేరాయి. ఆ సున్నపురాతి పలకల్లో పదేపదే చెక్కిన దృశ్యం ఒకటుంది. బుద్ధుడి తల్లి మాయాదేవి మంచం మీద నిద్రపోతూ ఉంటుంది. లోకపాలకులు చుట్టూ కాపలా ఉంటారు. చెలికత్తెలు కునుకుతుంటారు. తెల్ల ఏనుగు ఆకాశం నుంచి దిగుతుంది. దాంతోపాటే తర్వాతి ఘట్టం కూడా చెక్కారు. రాణి తన కల చెబుతుంది, శుద్ధోదనుడి కొలువులో జ్యోతిష్కులు దాని అర్థం విప్పుతారు.

ఈ శిల్పాలకూ రాయల కావ్యానికీ మధ్య పదమూడు వందల ఏళ్ల దూరం ఉంది. మతం వేరు, భాష వేరు. కల నడిచిన తీరు మాత్రం ఒక్కటే. పవిత్రమైన రాత్రి, కాపలా ఉన్న నిద్ర, స్పష్టమైన దర్శనం, తెల్లవారాక పండితుల సభ. పైగా రాయలు నిద్రించిన శ్రీకాకుళానికి దగ్గర్లోనే ఉన్న ఘంటసాల ఒకప్పుడు కంటకసోల అనే రేవుపట్నం, బౌద్ధక్షేత్రం. అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపాన్ని తవ్వి 1894లో వెలువడిన పుస్తకంలో వివరాలు ప్రకటించాడు. ఈ తీరంలో కలను ఆదరించే పద్ధతి ఒక మతం నుంచి ఇంకో మతానికి చేతులు మారుతూ వచ్చిందనడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం దొరకదు.

జాముల లెక్క

రాయలు తన కల నాలుగో జామున వచ్చిందని ప్రత్యేకంగా చెప్పడానికి కారణముంది. స్వప్నశాస్త్రం రాత్రిని నాలుగు జాములుగా విడదీసి ఒక్కో జాము కలకు ఒక్కో గడువు పెట్టింది. మొదటి జాము కల ఏడాదికి, రెండో జాముది ఆరు నెలలకు, మూడో జాముది మూడు నెలలకు, నాలుగో జాముది ఇంకా త్వరగా ఫలిస్తాయని పురాణాల మాట. మంచి కల వస్తే మళ్లీ పడుకోకూడదని, చెడ్డ కల వస్తే మళ్లీ నిద్రపోవాలని కూడా చెప్పారు. పంచాంగాల్లో బల్లి శకునాల పక్కన స్వప్నఫలాలు అచ్చవుతూ వచ్చాయి. కృష్ణాజిల్లా ఇళ్లలో తెల్లవారుజాము కల నిజమవుతుందనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది.

కల నిజమవుతుందా లేదా అన్నది నమ్మకం. కానీ జాముల మధ్య తేడా ఉందన్న పరిశీలన సరైనదే. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశను గుర్తించారు. దాన్నే రెమ్ నిద్ర అంటున్నారు. నిద్ర సుమారు 90 నిమిషాల చుట్లుగా సాగుతుంది. మొదటి చుట్టులో రెమ్ దశ కొద్ది నిమిషాలే. రాత్రి గడిచేకొద్దీ అది పెరిగి, తెల్లవారుజామున అరగంట వరకూ ఉంటుంది. స్పష్టమైన, కథలాగా సాగే, గుర్తుండే కలలు ఎక్కువగా అప్పుడే వస్తాయి. గడియారం లేని కాలంలో, వేలమంది తమ నిద్రను గమనించుకుని చెప్పిన అనుభవం మీద ఆ నాలుగు జాముల పట్టిక నిలబడింది.

ఏకాదశి సంగతి కూడా చూడాలి. ఆ రోజు ఉపవాసంతోపాటు రాత్రి జాగరణ చేయడం వైష్ణవుల ఆచారం. రాత్రంతా మేలుకోలేనివాళ్లు తెల్లవారుజామున కన్ను మూస్తే, నిద్ర కోసం ఆత్రపడుతున్న మెదడు త్వరగా రెమ్ దశలోకి వెళుతుంది. పైగా రోజంతా దైవనామం మీదే మనసు నిలిపారు. నేటి సాధకులు పాటించే ఒక ముఖ్య పద్ధతికి ఇది చాలా దగ్గర. ఐదు గంటలు నిద్రపోయి, లేచి, కాసేపు మెలకువగా ఉండి, కలలో ఎరుక కావాలని సంకల్పించుకుని మళ్లీ పడుకోవడం ఆ పద్ధతి.

పడుకునే ముందు మనసుకు ఒక మాట అప్పగించడం తెలుగు ఇళ్లలో పిల్లలకు కూడా నేర్పిన అలవాటే. రాముడు, స్కందుడు, హనుమంతుడు, గరుత్మంతుడు, భీముడు అనే ఐదు పేర్లు తలుచుకుంటే పీడకలలు రావని చెప్పే శ్లోకం చదివించి పడుకోబెట్టేవారు. గజేంద్రమోక్షం పారాయణ దుస్వప్నాలను పోగొడుతుందని భాగవతమే చెప్పింది కనుక, పోతన పద్యాలు కంఠస్థం చేసిన ముసలమ్మలు దీపం తగ్గించాక వాటిని గొణుక్కునేవారు. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు స్టీఫెన్ లాబెర్జ్ రూపొందించిన పద్ధతిలోనూ పని ఇదే. నిద్రలోకి జారుకుంటూ, ఈసారి కలలో ఇది కలని గుర్తుపడతానన్న సంకల్పాన్ని మనసులో తిప్పుకోవాలి. భయం పోవాలన్నది పాత సంకల్పం, ఎరుక రావాలన్నది కొత్త సంకల్పం. నిద్ర గుమ్మంలో మాట నాటడమన్న కిటుకు రెండింటిదీ.

గుర్తుపట్టే విద్య

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. రాయలు తన కలలో ఇది కల అని తెలుసుకున్నట్టు ఎక్కడా చెప్పలేదు. తిక్కనా చెప్పలేదు. వాళ్లు చూశారు, విన్నారు, లేచారు. కలలోనే మేలుకునే విద్య కోసం తత్త్వవేత్తల వైపు వెళ్లాలి.

క్రీ.శ. రెండో శతాబ్దం వాడుగా భావించే ఆచార్య నాగార్జునుడి పేరును సంప్రదాయం సాతవాహన రాజుతోనూ, శ్రీపర్వతంతోనూ ముడిపెట్టింది. ఆ పర్వతం ఉన్న లోయ ఇవాళ నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉంది. తవ్వి తీసిన శిల్పాలు ద్వీపం మీది మ్యూజియంలో ఉన్నాయి. ఆయన మూలమధ్యమకకారిక వస్తువుల స్వభావాన్ని కలతో, మాయతో, గంధర్వనగరంతో పోల్చింది. పగలు చూసేదాన్ని కూడా కలగా చూడమన్న ఈ తర్కం టిబెట్ చేరాక సాధనగా మారింది. 11వ శతాబ్దపు నారోపా పేరుతో నిలిచిన ఆరు యోగాల్లో స్వప్నయోగం ఒకటి. పగలంతా ఎదురైన ప్రతిదాన్నీ ఇది కల అని తలుచుకోవాలి. రాత్రి అదే తలంపుతో కలను కలగా గుర్తుపట్టాలి. గుర్తుపట్టాక కలలోని నిప్పులోకి, నీళ్లలోకి భయం లేకుండా నడవాలి. కనిపించేవాటిని మార్చి చూడాలి. చివరికి మార్చేవాడు కూడా కలలో భాగమేనని తెలుసుకోవాలి. టిబెట్‌లో నాగార్జునుడి మీద, ఒకప్పటి అమరావతి అయిన ధాన్యకటకం మీద గౌరవం తరగలేదు. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని ధాన్యకటకంలోనే బోధించాడని వాళ్ల సంప్రదాయం చెబుతుంది. అందుకే 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చారు. ఎర్ర వస్త్రాల బౌద్ధ భిక్షువులు వేల సంఖ్యలో గుంటూరు జిల్లా పల్లెదారుల్లో నడిచారు.

వైదిక పక్షంలోనూ ఈ ఆలోచన బలంగానే ఉంది. మాండూక్యోపనిషత్తు మెలకువ, కల, గాఢనిద్ర అనే మూడింటినీ చూసే నాలుగో స్థితిని చెప్పింది. పతంజలి యోగసూత్రాల మొదటి పాదంలోని 38వ సూత్రం మనసు నిలపడానికి కలలో, నిద్రలో కలిగిన జ్ఞానాన్ని ఆధారం చేసుకోవచ్చంటుంది. వైద్యుల పద్ధతి వేరు. చరకసంహిత కలలను ఏడు రకాలు చేసింది. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించినవి, జరగబోయేవాటిని సూచించేవి, వాతపిత్తకఫ దోషాల వల్ల కలిగేవి. మొదటి ఐదు రకాలకూ ఫలం లేదంది. కల డైరీ రాసేవాళ్లు నెల రోజులు రాశాక తమ కలలను ఈ ఏడు గళ్లలో సర్దుకుంటే చాలా సంగతులు బయటపడతాయి.

తెలుగులో ఈ తత్త్వాన్ని కథగా చెప్పినవాడు మడికి సింగన. 15వ శతాబ్దపు తొలినాళ్లలో ఆయన వాసిష్ఠ రామాయణం రాశాడు. యోగవాసిష్ఠంలోని లవణుడి కథ అందులోదే. ఇంద్రజాలికుడు నెమలి ఈకల కట్ట తిప్పగానే కొలువులో కూర్చున్న లవణ మహారాజు మైమరచిపోతాడు. గుర్రం ఎక్కి అడవిలో తప్పిపోయినట్టు, చండాల కన్యను పెళ్లాడి పిల్లల్ని కన్నట్టు, కరువులో అన్నీ పోగొట్టుకున్నట్టు అనుభవిస్తాడు. కళ్లు తెరిస్తే సభలో గడిచింది కొద్దిసేపే. కలలోని కాలం బయటి కాలం లాంటిదేనా అన్న ప్రశ్నను ఆ కథ అప్పుడే వేసింది.

కలలోంచి వచ్చిన సైగ

ఐరోపాలో ఈ అన్వేషణ ఆలస్యంగా మొదలైంది. ఫ్రాన్సులో హెర్వే ద సాఁ-దెనీ చిన్నప్పటినుంచీ కలలు రాసుకుని, వాటిని నడిపించే ఉపాయాల మీద 1867లో ఒక పుస్తకం వేశాడు. డచ్ రచయిత, వైద్యుడు ఫ్రెడెరిక్ వాన్ ఏడెన్ 1913లో లూసిడ్ డ్రీమ్ అన్న పేరును వాడుకలోకి తెచ్చాడు. ఆ తర్వాత కూడా శాస్త్రవేత్తలు నమ్మలేదు. కలలో ఎరుక ఎలా ఉంటుంది, వాళ్లు కాసేపు మేలుకుని ఉంటారు అనేవారు.

రుజువు కళ్ల ద్వారానే దొరికింది. రెమ్ నిద్రలో ఒళ్లంతా కదలిక లేకుండా పడి ఉంటుంది, కనుగుడ్లు మాత్రం కదులుతాయి. 1975 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్, అలన్ వర్స్‌లీ అనే సాధకుడు ముందుగానే ఒక ఒప్పందం చేసుకున్నారు. కలలో ఎరుక రాగానే వర్స్‌లీ కళ్లను కుడికీ ఎడమకూ లెక్కగా తిప్పాలి. నిద్రపోతున్న మనిషి పంపిన ఆ సైగ యంత్రం కాగితం మీద గీతలుగా నమోదైంది. స్టాన్‌ఫర్డ్‌లో లాబెర్జ్ విడిగా అదే నిరూపించి 1981లో ప్రకటించాడు. ఆయన సాధకుల చేత కలలో అంకెలు లెక్కపెట్టించి, మొదటా చివరా కళ్లతో సైగ చేయించాడు. కలలో పది సెకన్లని లెక్కించింది బయట కూడా దాదాపు అంతే పట్టింది. లవణుడి కథ వేసిన ప్రశ్నకు ప్రయోగశాల ఇచ్చిన జవాబు అది. 2021లో అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ పరిశోధకులు కలిసి 36 మందితో ఇంకో మెట్టు ఎక్కారు. కలలో ఉన్నవాళ్లను ఎనిమిదిలోంచి ఆరు తీసేస్తే ఎంత వంటి ప్రశ్నలు అడిగారు. ఒక కుర్రాడు కళ్లను రెండుసార్లు తిప్పి జవాబిచ్చాడు.

బెజవాడలో, గుడివాడలో, మచిలీపట్నంలో ఇవాళ ఈ విద్య మొదలుపెట్టేవాళ్లకు ఇవన్నీ కలిపిన దారి అందుబాటులో ఉంది. ముందు రెండు మూడు వారాలు లేవగానే కలలు రాసుకోవాలి. వాటిలో పదేపదే వచ్చే గుర్తులు పట్టుకోవాలి. పోయిన తాతయ్య కనిపించడం, పదో తరగతి పరీక్షకు ఆలస్యం కావడం, తప్పిపోయిన రైలు, పళ్లు ఊడిపోవడం వంటివి. పగలు రోజుకు కొన్నిసార్లు ఆగి, ఇది కలా అని నిజంగా అనుమానించి పరీక్షించుకోవాలి. ఒక బోర్డు మీది అక్షరాలు చదివి, చూపు తిప్పి మళ్లీ చదవాలి. కలలో అక్షరాలు నిలకడగా ఉండవు. ముక్కు రెండు వేళ్లతో మూసి గాలి పీల్చి చూడాలి. కలలో గాలి అందుతుంది. నారోపా సాధకులు పగలంతా చేసిన తలంపు ఇదే. ఆ తర్వాత వారానికి ఒకటి రెండుసార్లు మాత్రమే, సెలవు రోజుల్లో, తెల్లవారుజామున లేచి సంకల్పంతో మళ్లీ పడుకోవాలి.

ఆస్ట్రేలియాలో 2017లో ప్రచురితమైన ఒక పరిశోధనలో పగటి పరీక్ష, తెల్లవారుజామున లేవడం, సంకల్పం అనే మూడు పద్ధతులూ కలిపి వారంపాటు చేసినవాళ్లు 17 శాతం ప్రయత్నాల్లో ఎరుకతో కల కన్నారు. అంటే ఆరింటిలో ఒకటి. ఓపిక ఉన్నవాళ్లకు అది తక్కువేమీ కాదు. మొదట్లో ఎరుక రాగానే ఆనందంతో మెలకువ వచ్చేస్తుంది. అప్పుడు కలలోనే చేతులు రుద్దుకోవాలని, ఉద్వేగాన్ని తగ్గించుకోవాలని అనుభవజ్ఞులు చెబుతారు. ఒక్కోసారి మెలకువ వచ్చినా ఒళ్లు కదలదు, గుండెల మీద దయ్యం కూర్చున్నట్టు ఉంటుంది. రెమ్ నిద్రలో ఒంటికి కలిగే కదలలేనితనం వీడకముందే మెలకువ రావడం వల్ల కలిగే స్థితి అది. కొద్దిసేపట్లో పోతుంది, భయపడనక్కర్లేదు. నిద్రలేమి, తీవ్రమైన మానసిక రుగ్మతలు ఉన్నవాళ్లు మాత్రం నిద్ర చెరుపుకునే పద్ధతుల జోలికి వెళ్లకూడదు. వైద్యుడిని అడగాలి.

ఎవరి మాట చెల్లాలి

పాత కలకూ కొత్త కలకూ మధ్య ఒక లోతైన తేడా ఉంది. శ్రీకాకుళం రాత్రిలో మాట కలలో కనిపించినవాడిది. చక్రవర్తి విని తల వంచాడు. నేటి కొత్త సాధకుడు సాధారణంగా కలలో తన మాట చెల్లాలని కోరుకుంటాడు. ఎగరాలి, సముద్రం మీద నడవాలి, చనిపోయినవాళ్లతో మాట్లాడాలి. అందులో తప్పు లేదు. పీడకలలతో బాధపడేవాళ్లకు కలలో నిలబడి వెంటాడేదాన్ని ఎదుర్కోవడం చికిత్సగా కూడా పనికొస్తోంది. నాగార్జునుడి నుంచి టిబెట్ దాకా సాగిన దారి ఈ రెండింటికీ మూడో మాట చేర్చింది. కలను నడిపే శక్తి వచ్చాక, ఆ నడిపేవాడెవడో చూడమంది.

కృష్ణాతీరంలో కవుల దారి, తత్త్వవేత్తల దారి, పల్లెజనం దారి దగ్గర దగ్గరగా ఉన్నా ఒకదానితో ఒకటి పెద్దగా కలవలేదు. కవులు కలను గుర్తుంచుకున్నారు, పరీక్షించలేదు. తత్త్వవేత్తలు పరీక్షించారు, తమ సొంత కలలను రాసి పెట్టలేదు. పల్లెల్లో గుడి నిద్రలు చేసినవాళ్లు కలలు చెప్పుకున్నారు, అవి చాలావరకు ఊరు దాటలేదు. డైరీ ఒక చేత్తో, పరీక్ష ఇంకో చేత్తో పట్టుకుని మొదలుపెట్టే ఈనాటి సాధకుడు ఆ పాయలను ఒక్కచోట చేర్చుకోగలడు. ఇది పరాయి విద్య అని వెనకాడనక్కర్లేదు.

చేయాల్సిన పని ఇంకొకటి మిగిలే ఉంది. మెకంజీ సేకరణలో చాలా భాగం చేరిన చెన్నై ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోనూ, ఇతర గ్రంథాలయాల్లోనూ స్వప్నాధ్యాయాల వంటి రాతప్రతులు ఉన్నాయి. డెల్టా ఊళ్లలో జాము జాముకూ కల ఫలం చెప్పగల పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు ఏ వేళ వచ్చిన కలను ఏమంటారు, ఏ కలకు ఏం చేయమంటారు, నిద్రకు ముందు ఏం తలుచుకోమంటారు అన్నది ఊరూరా రికార్డు చేయాలి. దాన్ని కవుల అవతారికల పక్కన, నిద్ర ప్రయోగశాలల ఫలితాల పక్కన పెట్టి చూడాలి. మన తెలుగు శాఖలూ, మనస్తత్వశాస్త్ర శాఖలూ కలిసి చేయగల పని ఇది. పెద్దవాళ్లు ఉండగానే మొదలుకావాలి.